ముక్కుతో నొక్కిన ఎంటర్

చేతులతో కొంప ముంచినవాళ్ళు మీకు తెలిసే ఉంటారు. నోటితో ముంచినవాళ్ళు అంతకంటే ఎక్కువమంది తెలిసి ఉంటారు. ముక్కుతో ముంచినదాన్ని మాత్రం బహుశా నేనొక్కదాన్నే. ఇరవై మూడేళ్ళ వయసులో, బిట్రగుంటలో మా రైల్వే కాలనీ చర్చి ఆఫీసు గదిలో, పట్టపగలు, ఇద్దరు పెద్దల సమక్షంలో, ఎనభై నాలుగు పాటలను నా సొంత ముక్కుతో మట్టి చేశాను. ఆ ముక్కు ఇప్పటికీ నా మొహం మీదే ఉంది. దానికేమీ కాలేదు.

పోనీ, ఆ పాటలు నావా? నావైతే లోకానికి మేలే జరిగి ఉండేది. అవి సుగుణమ్మ టీచరమ్మవి.

టీచరమ్మ రైల్వే స్కూల్లో చిన్నపిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యారు. మా అమ్మకు ఓనమాలు దిద్దించింది ఆవిడే, నాకు దిద్దించిందీ ఆవిడే. చిట్టమూరు వైపు ఉప్పుటేటి పక్క ఊళ్ళో పుట్టి, పెళ్ళయి మా కాలనీకి వచ్చారు. అన్నం వారుస్తూ, బట్టలు ఆరేస్తూ భక్తి పాటలు కట్టడం ఆవిడకు అలవాటు. కట్టడమే తప్ప రాసుకునేవారు కాదు. ఆ పని ఆవిడ భర్త సత్యానందం మాస్టారు నెత్తిన వేసుకున్నారు. ఆయన తెలుగు పండితులు. చర్చి కంప్యూటర్ ముందు కూర్చుని, ఒకే ఒక్క వేలితో, ఏళ్ళ తరబడి ఆ పాటలన్నీ టైపు చేశారు. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. టీచరమ్మకు డెబ్బై అయిదు నిండాయి. ఆ ఏడు చర్చి వార్షికోత్సవం రోజున ఆవిడ పాటలు పుస్తకంగా వేసి ఆవిడ చేతికే అందించాలని సంఘమంతా అనుకుంది.

పాటలున్నాయి, డబ్బులున్నాయి, నెల్లూరులో ప్రెస్సు ఉంది. ఇంకేం కావాలి? ప్రెస్సువాళ్ళు మాత్రం మా ఫైళ్ళు చూసి చేతులెత్తేశారు. మాస్టారు వాడిన టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. ఆ ఫైలు తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట బ్రాకెట్లు, చుక్కలు, తలకిందులైన ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నాయి. "పీడీఎఫ్ చేసి పై వారం సోమవారానికి తెచ్చియ్యండి, లేదంటే వార్షికోత్సవానికి పుస్తకం అందదు" అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘం కార్యదర్శి దేవదానం అంకుల్ ఈ సంగతి చెప్పి దిగాలుగా నిలబడితే, గుంపులో నుంచి ఒక గొంతు లేచింది.

"దానికెందుకంకుల్ అంత దిగులు? అట్లాంటివి మార్చేదానికి లినక్స్‌లో ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఉంది. పది నిమిషాల పని."

ఎవరా గొంతు అని చూస్తే, నాదే.

అప్పటికి నేను కావలిలో బీసీఏ పూర్తి చేసి, ఒక స్కూల్లో రెండు నెలలుగా కంప్యూటర్లు చెబుతున్నాను. లినక్స్‌లో నాకు వచ్చిన కమాండ్లు మూడు. అందులో ఒకటి కంప్యూటర్ ఆపేసేది. చర్చి కంప్యూటర్‌లో లినక్స్ ఉండటానికి కారణం కూడా ఏమంత గొప్పది కాదు. క్రిస్మస్ పాటల కోసం అందరూ తెచ్చి గుచ్చిన పెన్‌డ్రైవ్‌ల వల్ల దానికి నెలకోసారి వైరస్ పట్టేది. విసిగిపోయిన మెకానిక్ విండోస్ తీసేసి, దాని బదులు వైరస్ పట్టని లినక్స్ ఎక్కించి, ఇంక నన్ను పిలవొద్దని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత శనివారం పొద్దున ఆఫీసు గదిలో ముగ్గురం చేరాం. దేవదానం అంకుల్, టీచరమ్మ, నేను. కంప్యూటర్ సండే స్కూల్ పిల్లల బల్ల మీద ఉంది. ఆ బల్ల నా మోకాళ్ళ ఎత్తుకే ఉంటుంది. నేను అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. కుర్చీలో కూర్చుని కీబోర్డు మీదికి వంగితే మడిచిన గొడుగులాగా ఉన్నాను. ఈ కొలతలు గుర్తు పెట్టుకోండి, నా ఖర్మంతా వీటిలోనే ఉంది.

అంకుల్ గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యారు. బంగారంలాంటి మనిషి. ఆయన ప్రార్థన కూడా గూడ్సు బండిలాంటిదే. మొదలైందంటే చివరి పెట్టె వెళ్ళేదాకా గేటు దగ్గర నిలబడాల్సిందే. పని మొదలుపెట్టే ముందు ఆ రోజు చిన్న ప్రార్థన చేశారు. చిన్నదంటే, ఫ్లాస్కులోంచి గ్లాసుల్లో పోసిన కాఫీ చల్లారేంత.

అంకుల్ ఫోన్‌లోంచి ఇంటర్నెట్ కలుపుకుని, ఒక వెబ్ పేజీలో చూసి కమాండు కొట్టాను. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. అది అంకుల్‌కి ఒక్కరికే తెలుసు. ఆయన తలుపు మూసి, కిటికీ రెక్క వేసి, "టీచరమ్మా, ఏమనుకోబాకండి, ఒక్క నిమిషం చెవులు మూసుకోండి" అన్నారు. టీచరమ్మ బుద్ధిగా చెవులు మూసుకున్నారు. ఆయన నా చెవిలో చెప్పారు. టైపు చేశాను. లినక్స్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు.

"ఏందమ్మా, నువ్వు నొక్కేది లోపలికి పోతా ఉండాదా లేదా?"

"పోతా ఉందంకుల్. కనపడకుండా పోతుంది."

"మరి లోపల ఉండేదానికి కనపడతాదా?"

"దానికి కనపడుతుందంకుల్."

ఆయన ఆలోచనలో పడ్డారు. ఈలోగా సాఫ్ట్‌వేర్ ఒక కొర్రీ వేసింది. నేను ఎక్కాలంటే ముందు ఫలానాది ఎక్కించాలి అంది. సరే, ఫలానాది తెచ్చాను. ఫలానాది ఎక్కాలంటే ఇంకో రెండు కావాలట. ఆ రెంటిలో ఒకదానికి మరో మూడు. తెర నిండా పేర్లు వరుస కట్టాయి.

"ఇదేందిమే సలోమీ, ఒకరిని భోజనానికి పిలిస్తే చుట్టాలందర్నీ పిలుచుకొని వస్తా ఉండారే?"

"అవన్నీ ఉంటేనే ఇది పని చేస్తుందంకుల్."

"ఎంతవుతాదో మరి ఇంతమందికి!"

"ఏమీ కాదు. అంతా ఉచితం. ప్రపంచంలో ఎవరెవరో కూర్చుని ఊరికే తయారు చేసి పెట్టినారు."

"ఊరికేనా?" అంకుల్ నమ్మలేదు. "మన సంఘంలో కుర్చీలు మడత పెట్టేదానికి పిలిస్తే నలుగురు రారు గదమ్మా!"

పది నిమిషాల పని రెండు గంటలు సాగింది. తల ప్రాణం తోకకొచ్చింది. ఎట్టకేలకు చుట్టాలంతా దిగి, సాఫ్ట్‌వేర్ లోపల కూర్చుంది. నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. నిజం చెప్పాలంటే, కొవ్వెక్కింది. ఒక్కో పాటా విడిగా మార్చే ఓపిక లేక, అన్నిటినీ ఒకే దెబ్బకు మార్చే కమాండు కోసం వెతికాను. ఎవరో మహానుభావుడు ఒక పెద్ద లైను రాసి పెట్టాడు. అది ఫోల్డర్‌లోని ఫైళ్ళన్నిటినీ మారుస్తుంది, మార్చినవాటిని అక్కడే పెడుతుంది, పాతవాటిని ఊడ్చేస్తుంది. దాన్ని అట్లాగే తెచ్చి అంటించాను.

ఇక్కడ బుద్ధున్న ఎవరైనా ఏం చేస్తారు? ముందు పాత ఫైళ్ళకు ఒక కాపీ తీసుకుంటారు, ఆ తర్వాత లైను అంటిస్తారు. నేను స్కూల్లో పిల్లలకు రోజూ అదే చెబుతాను. కానీ నాకు అప్పుడు లైను అంటించి, దాన్ని చూపిస్తూ ఉపన్యాసం ఇవ్వడం ముఖ్యం.

"చూడండి టీచరమ్మా, ఈ పెద్ద మీట ఉంది చూశారూ, ఎంటర్, ఇది నొక్కితే కొత్తవి తయారవుతాయి, పాతవి చెరిగిపోతాయి. ఇక్కడ చెరిగితే చెత్తబుట్టలోకి కూడా పోవు. మళ్ళీ ఎవరి తరమూ కాదు. అందుకే ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకుంటా."

"ఎవరి తరమూ కాదా?" అన్నారు టీచరమ్మ.

"దేవుడు దిగి రావాల్సిందే!" అన్నాను దర్జాగా. పెన్‌డ్రైవ్ కోసం బ్యాగులో చెయ్యి పెట్టాను.

"ఆగమ్మా," అన్నారు అంకుల్. "దేవుని మాట నువ్వే ఎత్తినావు. ఇంత పెద్ద పని, ప్రార్థన లేకుండా ఎట్టా? తల వంచు."

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ముఖ్యమైన పని చేయబోయేవాళ్ళు తల వంచుతారు, పెద్దవాళ్ళు ఆ తల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. పరీక్షకు వెళ్ళే పిల్లలు, ఆపరేషన్‌కు వెళ్ళే రోగులు, కొత్త ఆటో కొన్న డ్రైవరు, అందరికీ ఇదే. నేను బ్యాగులోంచి చెయ్యి తీసి, ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో ఉన్నదాన్ని ఉన్నట్టే తల వంచాను. కొలతలు గుర్తున్నాయి కదా? నా ముక్కు కీబోర్డుకు జానెడు ఎత్తులో నిలిచింది.

అంకుల్ ఎడమ వైపు నిలబడి మొదలుపెట్టారు. కంప్యూటర్ కనిపెట్టినవాళ్ళ కోసం ప్రార్థించారు. ఊరికే సాఫ్ట్‌వేర్ చేసిచ్చినవాళ్ళ కోసం, వాళ్ళ పెళ్ళాం బిడ్డల కోసం ప్రార్థించారు. ప్రెస్సులో మిషను కోసం, కరెంటు కోసం, కీర్తిశేషులు సత్యానందం మాస్టారి వేలి కోసం కృతజ్ఞతలు చెప్పారు. టీచరమ్మ వెనక నిలబడి నా నెత్తిన కుడిచెయ్యి ఉంచి, మధ్య మధ్యలో "స్తోత్రం తండ్రీ" అంటున్నారు. ఆ చెయ్యి డెబ్బై అయిదేళ్ళ చెయ్యి అంటే ఎవరూ నమ్మరు, ముప్ఫయ్యేళ్ళు పిల్లల చెవులు మెలిపెట్టి గట్టిపడిన చెయ్యి అది. నా మెడ నొప్పెట్టి కొంచెం కొంచెం కిందికి దిగుతోంది. చివరి పెట్టె కనిపించింది.

"...వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్!"

"ఆమెన్!" అన్నాను నేను.

"ఆమెన్!" అన్నారు టీచరమ్మ. నా తల మీద చెయ్యి ఒక్కసారిగా బరువెక్కింది.

టక్.

ముక్కు ఎత్తి చూసేసరికి తెర మీద అక్షరాలు పరుగెడుతున్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆపే కమాండు ఏదో ఉంటుంది, నాకొచ్చిన మూడింటిలో అది లేదు. గుటక మింగేలోపు పరుగు ఆగిపోయింది. మొదటి ఫైలు తెరిచాను. ఖాళీ డబ్బాలు. రెండోది తెరిచాను. అవే డబ్బాలు, మధ్యలో ఒక ప్రశ్నార్థకం. మాస్టారి పాత అక్షరాలు ఆ సాఫ్ట్‌వేర్‌కు అర్థం కాలేదన్నమాట. పాపం, దాని తప్పేం లేదు, తెలిసినంతలో మార్చింది. నేను చెప్పినట్టే పాతవి ఊడ్చేసింది.

గబుక్కున కిటికీ మూసేశాను. అంటే, తెర మీద కిటికీ.

"అయిందా అమ్మా?" అన్నారు అంకుల్.

"అ... అయిపోయిందంకుల్." అది మాత్రం అబద్ధం కాదు.

"దేవునికి స్తోత్రం! ఏదీ, ఒక పాట చూపించు."

"ఇప్పుడే తెరవకూడదంకుల్. వేడి మీద ఉంటాయి."

"ఇడ్లీలామే?"

"అట్లాంటిదే. కొంచెం ఆరనివ్వాలి."

అంకుల్ గౌరవంగా సీపీయూ మీద చెయ్యి పెట్టి చూశారు. "నిజమే, కాలతా ఉండాది" అన్నారు. టీచరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "పోయి అన్నం తినుమే, అలిసిపోయినావు" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆ సాయంత్రం దాకా తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఎవరికి చేసినా ఒకటే ప్రశ్న. "కాపీ ఉందా?" కాపీ ఉంటే మీకెందుకు చేస్తానయ్యా ఫోను! మాస్టారు మొదట్లో వాడిన చర్చి పాత కంప్యూటర్ ఏమైందో కనుక్కున్నాను. అది ఎప్పుడో పాత ఇనుముకు పోయిందట. ప్రెస్సుకు నమూనాగా పంపిన ఒక్క పాటనూ తెరుచుకోలేదని వాళ్ళు అప్పుడే చెరిపేశారట.

మర్నాడు ఆదివారం. అంకుల్ మైకు ముందు నిలబడి, "మన సలోమి ఉండాది గదా, టీచరమ్మ పాటలన్నిటినీ ఒక్క నిమిషంలో మార్చేసింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసి మురిసిపోయింది. ఆ తర్వాత ఆడవాళ్ళందరూ కలిసి టీచరమ్మ పాట ఒకటి పాడారు. "ఉప్పుగాలికి నా దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టినావు తండ్రీ" అనే పాట. చిన్నప్పటి నుంచి వంద సార్లు పాడి ఉంటాను, ఆ రోజు పెదవులు కదిపి ఊరుకున్నాను. ఒక మనిషి జీవితమంతా కట్టుకున్న పాటలు, పోయిన భర్త ఒక్క వేలితో కొట్టి ఇచ్చిన పాటలు, నేను గొప్పలకు పోయి బూడిద చేశాను. ఆవిడ ఇంకెన్నాళ్ళుంటారో తెలియదు. పుస్తకం చేతిలో పట్టుకుని చూసుకోవాల్సిన మనిషి. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంక ఆగలేక ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. టీచరమ్మ వరండాలో పీట వేసుకుని రొయ్యలు వలుస్తున్నారు. ఎదురుగా కూలబడి భోరుమన్నాను.

"టీచరమ్మా, మీ పాటలు పోయినాయి. మొత్తం పోయినాయి. నేనే పోగొట్టినాను. సోమవారం ప్రెస్సుకు ఇచ్చేదానికి ఏమీ లేదు."

ఆవిడ రొయ్య వలవడం ఆపలేదు. "మొత్తమా?"

"మొత్తం."

"ఒక్కటి గూడా మిగల్లా?"

"లేదు టీచరమ్మా."

"బాగా చూసినావా?"

"చూసినాను. మాస్టారు కొట్టినవి ఒక్క అక్షరం లేదు. నన్ను కొట్టండి, తిట్టండి."

టీచరమ్మ రొయ్య గిన్నెలో వేసి, పెద్దగా ఊపిరి వదిలారు. బస్తా దించుకున్న మనిషి వదిలే ఊపిరి అది. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు ఎగిరిపడేలా, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వారు. నేను హడలిపోయాను. దిగులుతో మతి పోయిందేమో అనుకున్నాను.

"మే సలోమీ, ఆ ఫైళ్ళలో ఏముండాదో ఎప్పుడన్నా చదివినావా?"

"లేదు టీచరమ్మా."

"చెప్తా విను. మీ మాస్టారు దేవుడంటి మనిషి. కానీ పండితుడు గదా. నా పాట చెవిలో పడితే ఊరుకోలేడు. ఉప్పుగాలి ఏంది, నాటుగా ఉండాదని దాన్ని తీసి 'ప్రచండ మారుతము' అని పెట్టినాడు. వల బరువెక్కింది చెయ్యి వెయ్యి తండ్రీ అని నేను పాడితే, వలను తీసేసి 'భవజలధి' అన్నాడు. మా నాయన వల లాగతా ఉంటే ఒడ్డున కూర్చొని కట్టిన పాట అది! పోనీలే అనుకుంటే, ప్రతి పాటకీ చివర ఇంకో చరణం అతికించినాడు. ఆ చరణంలో ఎవరి పేరుంటాదో తెలుసా? సత్యదాసుడంట. ఎనభై నాలుగు పాటలకీ ఎనభై నాలుగు సత్యదాసులు!"

అప్పుడు నాకు తట్టింది, చర్చిలో మేము పాడేదంతా టీచరమ్మ నోటి వెంట నేర్చుకున్నదే. ప్రచండ మారుతాన్ని ఎవరమూ ఎప్పుడూ పాడింది లేదు.

"మరి ఆయనతో చెప్పలేదా టీచరమ్మా?"

"ఎట్టా చెప్పేది? ఒక్క వేలితో కొట్టుకుంటా, సుగుణా నీ కోసమే చేస్తుండా అంటా, ఎంత సంతోషంగా చూపించేవాడనీ! నోరు రాలా. ఆయన పోయినాక ఇంగ అసలే చెప్పలేకపోయినా. దేవదానానికి మాస్టారంటే ప్రాణం. ఆయన కొట్టినట్టే అక్షరం పొల్లు పోకుండా అచ్చు వేయిస్తామని అందరూ అంటా ఉంటే, నెల రోజులుగా నాకు నిద్ర లేదు. ఆయన రాసిన ఉత్తరాలు పెట్టెలో ఉండాయి, ఆయన గుర్తుగా నాకవి చాలు. నా పాటలు నాకు కావాల."

"మరి ఇప్పుడెట్లా?"

"ఎట్లా ఏముండాది? అన్నీ నా నోట్లోనే ఉండాయి గదా. మొగం కడుక్కొని వచ్చి కూర్చో, నేను పాడతా, నువ్వు కొట్టు."

శనివారం తర్వాత మొదటిసారి నాకు ఊపిరి ఆడింది. ఆవిడ చేతులు రొయ్యల వాసన వేస్తున్నాయని కూడా చూడకుండా వాటేసుకున్నాను. ప్రెస్సుకు ఫోన్ చేసి బతిమాలి శనివారం దాకా గడువు తీసుకున్నాను. స్కూలు వదిలిన వెంటనే రోజూ వాళ్ళ వరండాలో కూర్చునేదాన్ని. ఆవిడ పాడేవారు, నేను ఇప్పటి తెలుగు అక్షరాల్లో కొట్టేదాన్ని. ఎనభై నాలుగు పాటలూ పొల్లు పోకుండా ఆవిడ నోట్లో ఉన్నాయి. పీడీఎఫ్‌గా మార్చడానికి ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించాల్సిన అవసరమే రాలేదు, దానికి ఒక బటన్ ముందు నుంచీ ఉందట. నేను చూడలేదు. రోజూ ఇంటికి వెళ్ళే ముందు రెండు పెన్‌డ్రైవ్‌లలో, మా అమ్మ ఫోన్‌లో, స్కూలు కంప్యూటర్‌లో కాపీలు పెట్టేదాన్ని. మొదటి పేజీలో టీచరమ్మ ఒక్క వాక్యం చెప్పి రాయించారు. "నా పాటలను అందరికంటే ముందు విన్న నా సత్యానందం మాస్టారికి."

వార్షికోత్సవం రోజు పుస్తకాలొచ్చాయి. నీలం అట్ట. దేవదానం అంకుల్ మొదటి పేజీ చదివి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత పేజీలు తిప్పుతూ ఆగిపోయారు.

"సలోమీ, మాస్టారు నాకు ఫైళ్ళు చూపించినప్పుడు పెద్ద పెద్ద మాటలుండె గదమ్మా? ఇవన్నీ టీచరమ్మ పాడేవి పాడినట్టే ఉండాయే?"

నేను పక్కనున్న కుర్చీలు సర్దడం మొదలుపెట్టాను. ఆయనే నెమ్మదిగా తలాడించారు.

"ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్ అని తక్కువ అనుకున్నా. మనిషి మనసులో ఉండేది గూడా చదవతా ఉండాదే! బో మంచిదమ్మా. మన ప్రార్థన గూడా పని చేసింది."

టీచరమ్మ పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని ముందు వరుసలో కూర్చున్నారు. నేను పక్కన చేరి, ఆవిడ చెవిలో గొణిగాను.

"టీచరమ్మా, ఇంతా చేసి నేనేం చేశానని? అంతా నా పాడు ముక్కు చేసిందే. అది ఎంటర్ మీద పడకపోయి ఉంటే..."

"దాని మొగం! నీ ముక్కు ఆ మీటకు రెండు అంగుళాలు పైన ఆగిపోయిందిమే," అన్నారు టీచరమ్మ, వేదిక వైపు చూస్తూనే. "నువ్వే చెప్పినావు గదా, అది నొక్కితే పాతవి మళ్ళీ ఎవరి తరమూ కాదని. నేను రవ్వంత తోసినా."

నా చెయ్యి దానంతటదే ముక్కు తడుముకుంది.

"ప్రార్థనలోనా టీచరమ్మా?"

ఆవిడ నా వైపు తిరిగి, నేను ఒకటో తరగతిలో తప్పు చేసినప్పుడు చూసినట్టు చూశారు.

"ఛీ! ప్రార్థనలో అట్టాంటి పని చేస్తానా? ఆమెన్ అన్నాకనే తోసినా."

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా, తల ఎత్తి, చేతులు రెండూ కనపడేలా పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కాపీ తీయకుండా ఏ కమాండూ అంటించను. పదినిమిషాల పని అని ఏ పెద్దమనిషికీ మాటివ్వను. ఎవరు ప్రార్థన చేస్తానన్నా సంతోషంగా తల వంచుతాను, కాకపోతే ముందు కీబోర్డు వైరు పీకేసి వంచుతాను. టీచరమ్మ వెనకాల నిలబడి ఉంటే మాత్రం, ఆవిడకు చెరపాల్సింది ఇంకేమైనా మిగిలి ఉందా అని అడిగి, ఉందంటే వైరు అట్లాగే ఉంచుతాను.